పని చేస్తున్న నిరుద్యోగి

1933లో అమెరికాలో నిరుద్యోగం సుమారు 25 శాతం అని చదువుకున్నాం. మరి ఆ తర్వాత ఎంత తగ్గింది? 1936కి ఆర్థిక చరిత్రకారుడు స్టాన్లీ లెబర్‌గాట్ అంకె 17 శాతం దగ్గరుంది. 1976లో మైకేల్ డార్బీ అదే ఏడాదికి లెక్క కడితే 10 శాతం కూడా రాలేదు.

తేడా ఎక్కడొచ్చింది? 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం డబ్ల్యూపీఏ పెట్టి లక్షలమందికి రోడ్లు, వంతెనలు, బడులు కట్టే పని ఇచ్చింది. మామూలు ఉద్యోగం దొరకనివాళ్ళే కదా అని లెబర్‌గాట్ వాళ్ళని నిరుద్యోగుల్లోనే ఉంచాడు. పని చేసి జీతం తీసుకుంటున్నారు కదా అని డార్బీ ఉద్యోగుల్లో కలిపాడు.

రోజంతా డేటాతో గడిపేవాణ్ణి, నాకిది మొదట కాలమ్ నిర్వచనం గొడవలాగే కనిపించింది. కానీ న్యూడీల్ విఫలమైందనేవాళ్ళు మొదటి అంకె ఎత్తుకుంటారు, ఫలించిందనేవాళ్ళు రెండోది.

నా మటుకు రెండూ కావాలి. కంపెనీలు ఎంతమందికి చోటివ్వలేకపోయాయో మొదటిది చెబుతుంది. ఏ పనీ, ఏ కూలీ లేకుండా మిగిలిందెవరో రెండోది చెబుతుంది. మన సర్వేల్లో ఉపాధి హామీ పనికెళ్ళినవాళ్ళని పని ఉన్నవాళ్ళుగానే రాశారు. నిరుద్యోగం తగ్గిందన్న వార్త వస్తే, శాతం కంటే ముందు ఎవరిని ఎటు రాశారో అడగాలి.