వొడాఫోన్ గ్రూపు డివిడెండు విధానం

వొడాఫోన్ గ్రూపు బ్రిటన్‌కు చెందిన బహుళజాతి టెలికాం సంస్థ. ఈ సంస్థ తన వాటాదారులకు ఏటా పంచే లాభాంశం (డివిడెండు) ఎంత ఉండాలి అన్న విషయంపై 2018 నుండి విస్తృతమైన చర్చ జరిగింది. షేరుకు 15.07 యూరో సెంట్లుగా ఉన్న వార్షిక డివిడెండును సంస్థ 2019లో 9 సెంట్లకు, 2024-25 ఆర్థిక సంవత్సరం నుండి 4.5 సెంట్లకు తగ్గించింది. అనగా ఏడేళ్ళ వ్యవధిలో వాటాదారుకు అందే మొత్తం మూడో వంతు కంటే తక్కువైంది. పెద్ద అప్పు ఉన్న టెలికాం సంస్థ అధిక డివిడెండు చెల్లిస్తూ పోవచ్చునా అన్న ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఈ ఉదంతం ఉపకరిస్తుంది.

నేపథ్యం

వొడాఫోన్ సంస్థ 1980 దశకంలో రేకల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థకు అనుబంధంగా మొదలైంది. 1985 జనవరి 1న బ్రిటన్‌లో తొలి మొబైల్ ఫోను సంభాషణ ఈ సంస్థ నెట్‌వర్కుపైనే జరిగింది. 1991లో ఇది రేకల్ నుండి విడిపోయి స్వతంత్ర సంస్థ అయ్యింది. దీని ప్రధాన కార్యాలయం ఇంగ్లాండులోని న్యూబరీ పట్టణంలో ఉన్నది. 2000లో జర్మనీకి చెందిన మానెస్‌మాన్‌ను విలీనం చేసుకొని ప్రపంచంలోని అతిపెద్ద టెలికాం సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

అమెరికాలో వెరిజాన్ వైర్‌లెస్ సంస్థలో వొడాఫోన్‌కు 45 శాతం వాటా ఉండేది. 2014 ఫిబ్రవరిలో ఈ వాటాను 13,000 కోట్ల డాలర్లకు అమ్మి, అందులో సుమారు 8,400 కోట్ల డాలర్లను నగదు, షేర్ల రూపంలో వాటాదారులకు పంచింది. ఈ అమ్మకం తరువాత వొడాఫోన్ వ్యాపారం ప్రధానంగా ఐరోపా, ఆఫ్రికా, భారతదేశాలకు పరిమితమైంది. ఐరోపాలో పోటీ వలన ధరలు పడిపోతున్నా, షేరుకు చెల్లించే డివిడెండు మాత్రం కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది.

డివిడెండు, వడ్డీల మధ్య భేదం

అప్పుపై వడ్డీ చెల్లించడం సంస్థకు తప్పనిసరి. వాయిదా తప్పితే అప్పిచ్చినవారు న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. డివిడెండు అటువంటిది కాదు. దానిని ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది డైరెక్టర్ల బోర్డు ఏటా తీసుకొనే నిర్ణయం. అయితే ఒకసారి అలవాటైన డివిడెండును తగ్గించడానికి యాజమాన్యాలు ఎంతో వెనుకాడుతాయని అమెరికా ఆర్థికవేత్త జాన్ లింట్నర్ 1956లోనే వివరించాడు. లాభాలు హెచ్చుతగ్గులకు లోనైనా డివిడెండును నిలకడగా ఉంచడానికే సంస్థలు ప్రయత్నిస్తాయి.

బ్రిటన్ 2006 కంపెనీల చట్టం ప్రకారం, నష్టాలు పోగా మిగిలిన, నిజంగా చేతికి వచ్చిన లాభాల నుండి మాత్రమే డివిడెండు ఇవ్వాలి. ఈ లెక్కను మాతృసంస్థ ఖాతాలను బట్టి చూస్తారు. కాబట్టి గ్రూపు మొత్తానికి ఒక ఏడాది నష్టం వచ్చినా, మాతృసంస్థ వద్ద పాత నిల్వలు ఉంటే డివిడెండు ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు. చట్టం అనుమతించినంత మాత్రాన అది వివేకమైన నిర్ణయం కావాలని లేదు. వొడాఫోన్ విషయంలో చర్చ చట్టబద్ధత గురించి కాక, చేతిలోని నగదు గురించి జరిగింది.

నగదు లెక్క

2018-19లో వొడాఫోన్ గ్రూపు 760 కోట్ల యూరోల నష్టాన్ని ప్రకటించింది. అయితే అందులో అధిక భాగం భారత వ్యాపారపు విలీనం వలన, స్పెయిన్, రుమేనియాలలోని ఆస్తుల విలువను పుస్తకాలలో తగ్గించడం వలన వచ్చినది. అది ఆ ఏడాది ఖజానా నుండి బయటకు పోయిన నగదు కాదు. అందువలన డివిడెండు స్తోమతను అంచనా వేయడానికి నష్టం కంటే నగదు ప్రవాహాన్ని చూడడం సరైన పద్ధతి.

వడ్డీలు, పన్నులు, నెట్‌వర్కు ఖర్చులు పోగా, స్పెక్ట్రమ్ చెల్లింపులకు ముందు ఆ ఏడాది మిగిలిన నగదు సుమారు 540 కోట్ల యూరోలు. సంస్థకు 2,600 కోట్లకు పైగా షేర్లు ఉండేవి. షేరుకు 15.07 సెంట్ల చొప్పున డివిడెండు ఇవ్వడానికి సుమారు 400 కోట్ల యూరోలు కావాలి. మిగిలే 140 కోట్లతోనే స్పెక్ట్రమ్ వాయిదాలు కట్టాలి, సంస్థ పునర్వ్యవస్థీకరణ ఖర్చులు భరించాలి, అప్పు కూడా తీర్చాలి. 2018 అక్టోబరులో ఇటలీలో జరిగిన ఒక్క 5జి వేలంలోనే వొడాఫోన్ 240 కోట్ల యూరోల విలువైన స్పెక్ట్రమ్ తీసుకొన్నది. దీని ధరను వాయిదాలలో కట్టే వీలున్నా, భారం మాత్రం తప్పదు. 2019 జూన్‌లో ముగిసిన జర్మనీ వేలంలో మరో 190 కోట్ల యూరోలు అవసరమయ్యాయి.

వీటికి తోడు, జర్మనీ, చెక్ రిపబ్లిక్, హంగరీ, రుమేనియాలలో లిబర్టీ గ్లోబల్ సంస్థకు చెందిన కేబుల్ వ్యాపారాలను 1,840 కోట్ల యూరోలకు కొనడానికి 2018 మేలో ఒప్పందం కుదిరింది. 2019 జూలై 31న ఈ కొనుగోలు పూర్తయింది. 2019 మార్చి చివర 2,700 కోట్ల యూరోలుగా ఉన్న నికర అప్పు, 2020 మార్చి నాటికి 4,200 కోట్ల యూరోలకు చేరింది.

2018 హామీ, 2019 తగ్గింపు

2018 అక్టోబరులో విట్టోరియో కొలావో స్థానంలో నిక్ రీడ్ ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యాడు. నవంబరులో అర్ధ సంవత్సర ఫలితాలు ప్రకటిస్తూ డివిడెండును అదే స్థాయిలో ఉంచే ఉద్దేశాన్ని వెల్లడించాడు. మధ్యంతర డివిడెండుగా 4.84 సెంట్లు చెల్లించారు. అప్పటికే షేరు ధర బాగా పడిపోయి, డివిడెండు రాబడి 9 శాతం దాటింది. బ్యాంకు వడ్డీలు అతి స్వల్పంగా ఉన్న ఆ రోజులలో ఇంత రాబడి కనిపించడానికి కారణం సంస్థ ఉదారత కాదు. ఆ డివిడెండు నిలుస్తుందని మదుపరులు నమ్మకపోవడం వలన షేరు ధర పడింది, దానితో రాబడి శాతం పెద్దదిగా కనిపించింది.

2019 మే 14న సంస్థ తుది డివిడెండును 4.16 సెంట్లకు పరిమితం చేసి, సంవత్సరం మొత్తానికి 9 సెంట్లుగా నిర్ణయించింది. ఇది 40 శాతం తగ్గింపు. దీని వలన ఏటా సుమారు 160 కోట్ల యూరోలు సంస్థలోనే మిగిలాయి. వార్షిక నిర్వహణ లాభానికి 2.5 నుండి 3 రెట్ల మధ్య ఉండవలసిన నికర అప్పును ఆ పరిధిలోని కనిష్ఠ స్థాయికి తేవడం లక్ష్యమని ప్రకటించారు.

కొనసాగించాలన్న వాదనలు

డివిడెండును కొనసాగించాలన్నవారి వాదనలలో ముఖ్యమైనవి ఇవి:

* బ్రిటన్‌లో పింఛను నిధులు, విశ్రాంత జీవితం గడుపుతున్న చిన్న మదుపరులు టెలికాం షేర్లను క్రమబద్ధమైన ఆదాయం కోసమే కొంటారు. వారికి ఈ తగ్గింపు జీతంలో కోత వంటిది.
* టెలికాం వ్యాపారంలో ప్రతి నెలా చందాల రూపంలో నగదు నిలకడగా వస్తుంది. కనుక ఇతర పరిశ్రమల కంటే ఎక్కువ అప్పును భరించగలదు.
* చేతిలో అదనపు నగదు ఉంటే యాజమాన్యాలు లాభసాటి కాని కొనుగోళ్ళకు దిగుతాయని మైకేల్ జెన్సన్ 1986లో వాదించాడు. డివిడెండు యాజమాన్యానికి ఒక కళ్ళెం వంటిది.
* కొద్ది నెలల క్రితం ఇచ్చిన హామీని తప్పితే యాజమాన్యం మాటపై నమ్మకం పోతుంది.

తగ్గించాలన్న వాదనలు

డివిడెండును తగ్గించాలన్నవారు ఈ క్రింది కారణాలను చూపారు:

* మిగిలిన నగదులో దాదాపు మూడు వంతులు పంచిపెడితే, స్పెక్ట్రమ్ కోసం మళ్ళీ అప్పు చేయవలసి వస్తుంది. అది పరోక్షంగా అప్పు తెచ్చి డివిడెండు ఇవ్వడమే అవుతుంది.
* 2018 మేలో ఇలియడ్ సంస్థ ప్రవేశంతో ఇటలీలో ధరలు పడిపోయాయి. స్పెయిన్‌లోనూ పోటీ తీవ్రంగా ఉన్నది. నగదు నిలకడగా వస్తుందన్న నమ్మకానికే బలం తగ్గింది.
* నాణ్యతా శ్రేణి తగ్గితే కొత్త అప్పులపై వడ్డీ పెరుగుతుంది.
* 5జి, ఫైబర్ నిర్మాణం వాయిదా పడితే వినియోగదారులు పోటీ సంస్థలకు మారిపోతారు. అప్పుడు డివిడెండుకు ఆధారమైన ఆదాయమే తగ్గుతుంది.

పన్నులు, లావాదేవీ ఖర్చులు లేని ఆదర్శ మార్కెట్టులో డివిడెండు విధానం సంస్థ విలువను మార్చదని మిల్లర్, మోడిగ్లియానీ 1961లో నిరూపించారు. వాటాదారునికి డివిడెండుగా అందిన మొత్తం మేరకు సంస్థ విలువ తగ్గుతుంది. అయితే అప్పు అధికంగా ఉన్న సంస్థకు పెట్టుబడి సులభంగా దొరకదు. అందుచేత ఆచరణలో డివిడెండు పరిమాణం సంస్థ భవిష్యత్తును ప్రభావితం చేస్తుంది.

భారతదేశంతో సంబంధం

2007లో హచిసన్ ఎస్సార్ సంస్థలో 67 శాతం వాటాను సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొని వొడాఫోన్ భారతదేశంలో ప్రవేశించింది. అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌తో సహా దేశమంతటా హచ్ పేరుతో ఉన్న సేవలు అదే ఏడాది వొడాఫోన్‌గా మారాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఛార్జీలు పడిపోయాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్ ఇండియా, ఐడియా సెల్యులార్ విలీనమై వొడాఫోన్ ఐడియా ఏర్పడింది.

2019 అక్టోబరు 24న స్థూల ఆదాయపు నిర్వచనంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ సంస్థపై ప్రభుత్వ బకాయిల భారం విపరీతంగా పెరిగింది. వొడాఫోన్ గ్రూపు తన పుస్తకాలలో ఈ వాటా విలువను సున్నాగా చూపింది. వొడాఫోన్ ఐడియా వాటాదారులకు డివిడెండు ఇవ్వలేకపోయింది. బకాయిలు వాటాలుగా మారడంతో భారత ప్రభుత్వ వాటా 2023లో సుమారు 33 శాతానికి, 2025 ఏప్రిల్‌లో 49 శాతానికి చేరువకు వచ్చింది. టెలికాం సంస్థకు బ్యాంకులే కాక, స్పెక్ట్రమ్ అమ్మిన ప్రభుత్వం కూడా ముఖ్యమైన ఋణదాత అని, వారందరి తరువాతే వాటాదారుని వంతు వస్తుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

2024 తగ్గింపు

2019 తరువాత ఐదేళ్ళ పాటు 9 సెంట్ల డివిడెండు కొనసాగింది. ఈ కాలంలో షేరు ధర తగ్గుతూనే వచ్చింది. 2022 చివర నిక్ రీడ్ వైదొలగగా, మార్గరీటా డెల్లా వాలే బాధ్యతలు చేపట్టింది. 2023 మేలో మూడేళ్ళలో 11,000 ఉద్యోగాలను తగ్గించే ప్రణాళికను ప్రకటించారు. స్పెయిన్ వ్యాపారాన్ని 500 కోట్ల యూరోల వరకు వచ్చే విధంగా జెగోనా సంస్థకు, ఇటలీ వ్యాపారాన్ని 800 కోట్ల యూరోలకు స్విస్‌కామ్‌కు అమ్మారు.

ఇటలీ ఒప్పందం ప్రకటించిన 2024 మార్చి 15నే డివిడెండును సగానికి తగ్గించే నిర్ణయం కూడా వెలువడింది. రెండు పెద్ద వ్యాపారాలు చేయి దాటిన తరువాత పాత డివిడెండుకు సరిపడే నగదు రాదు. అయితే అదే సమయంలో 400 కోట్ల యూరోల వరకు సొంత షేర్లను తిరిగి కొనే ప్రణాళికను ప్రకటించారు. షేర్ల సంఖ్య తగ్గితే భవిష్యత్తులో డివిడెండు భారం తగ్గుతుంది. కానీ ఆ సొమ్ము కూడా అప్పు తీర్చడానికి పనికివచ్చేదే కనుక, ఇది వాటాదారులకు మరో రూపంలో చేసిన చెల్లింపే.

2024 మార్చిలో 3,320 కోట్ల యూరోలుగా ఉన్న నికర అప్పు 2025 మార్చికి 2,240 కోట్లకు తగ్గింది. దీనికి ప్రధాన కారణం ఆస్తుల అమ్మకమే. 2025 మే 31న బ్రిటన్ వ్యాపారం త్రీ యూకేతో విలీనమైంది. విలీన సంస్థ పదేళ్ళలో 1,100 కోట్ల పౌండ్లు నెట్‌వర్కుపై వెచ్చించాలన్నది ప్రణాళిక.

ఇతర సంస్థల అనుభవం

* బ్రిటిష్ టెలికాం: 3జి స్పెక్ట్రమ్, విదేశీ కొనుగోళ్ళ వలన అప్పు సుమారు 2,800 కోట్ల పౌండ్లకు చేరగా, 2001లో డివిడెండు నిలిపివేసి, 590 కోట్ల పౌండ్ల విలువైన హక్కు షేర్లు జారీ చేసింది. ఫైబర్, 5జి పెట్టుబడుల అవసరం, కోవిడ్ అనిశ్చితి కారణంగా 2020లో మరల నిలిపివేసింది.
* టెలిఫోనికా: స్పెయిన్ ఋణసంక్షోభ కాలంలో 2012 జూలైలో డివిడెండును నిలిపివేసింది.
* ఏటీ అండ్ టీ: 2018లో టైమ్ వార్నర్‌ను కొన్న తరువాత నికర అప్పు సుమారు 18,000 కోట్ల డాలర్లకు చేరింది. 2022లో ఆ మాధ్యమ వ్యాపారాన్ని విడదీసి, వార్షిక డివిడెండును షేరుకు 2.08 డాలర్ల నుండి 1.11 డాలర్లకు తగ్గించింది. వాటాదారులకు కొత్త సంస్థ షేర్లు కూడా లభించాయి కనుక నష్టం పూర్తిగా డివిడెండు లెక్కలో కనిపించినంత కాదు.
* సెంచురీలింక్ (తరువాతి పేరు లూమెన్): 2019లో డివిడెండును 2.16 డాలర్ల నుండి ఒక డాలరుకు తగ్గించి, 2022లో పూర్తిగా ఆపివేసింది.

పరిశీలన

ఈ ఉదాహరణలలో ఎక్కువ భాగం ఒకే క్రమంలో సాగాయి. మొదట కొనుగోళ్ళకు లేదా స్పెక్ట్రమ్‌కు భారీగా అప్పు చేయడం, తరువాత డివిడెండును యథాతథంగా ఉంచుతామనడం, చివరకు షేరు ధర పడిపోయిన తరువాత తగ్గించడం జరిగింది. వొడాఫోన్ వాటాదారులు ఆలస్యం వలన కొన్నాళ్ళు అధిక డివిడెండు పొందినా, షేరు విలువలో అంతకంటే ఎక్కువ కోల్పోయారు. అయితే ఈ పతనానికి డివిడెండు ఒక్కటే కారణం కాదు. జర్మనీలో పోటీ, కేబుల్ టీవీ నిబంధనల మార్పు వలన 2024లో చందాదారులు తగ్గడం, భారతదేశంలో నష్టాలు కూడా కారణాలే.

స్పెక్ట్రమ్ ఖర్చులను కూడా కలుపుకొని, మిగిలిన నగదులో ఎంత భాగం పంచుతున్నారు అన్నది విద్యార్థులు ముందుగా చూడవలసిన లెక్క. ఆ భాగం ఏటా నూటికి నూరును సమీపిస్తూ, అప్పు కూడా పెరుగుతూ ఉంటే, డివిడెండు ఎంత పాతదైనా నిలవడం కష్టం.

ఇవి కూడా చూడండి

* డివిడెండు
* వొడాఫోన్ ఐడియా
* స్పెక్ట్రమ్ వేలం
* కంపెనీల చట్టం, 2013