ఉత్తరాంధ్ర పల్లెల్లో నేర బాధితుల సహాయ సేవలు: పరిశోధన, నిధుల చరిత్ర

నేరం జరిగాక బాధితులకు అందాల్సిన వైద్యం, న్యాయ సహాయం, పరిహారం, ఆశ్రయం, సాక్ష్యం చెప్పడానికి అయ్యే దారి ఖర్చులు మొదలైనవాటిని కలిపి బాధితుల సహాయ సేవలు అంటారు. ఇవి పల్లెదాకా చేరుతున్నాయా, చేరకపోతే ఎక్కడ ఆగిపోతున్నాయి అని తెలుసుకోవడానికి ప్రభుత్వాలు డబ్బు కేటాయించడం సేవలకంటే ఆలస్యంగా మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో బాధితుల అవసరాల గురించి తెలిసినదాంట్లో అధిక భాగం పరిశోధన గ్రాంట్ల వల్ల కాక, విచారణ కమిషన్లు, పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందాల వల్ల వెలుగులోకి వచ్చింది.

ఈ సమస్య రూపం శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో తేలిగ్గా అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. పాతపట్నం ఇటు మిగిలింది. పెద్ద బజారు, ఆసుపత్రి ఉన్న పర్లాకిమిడి మహేంద్రతనయ నది అవతలే ఉన్నా, బాధితులకు సంబంధించిన జిల్లా కార్యాలయాలకు మాత్రం శ్రీకాకుళం బస్సు ఎక్కాలి. చుట్టుపక్కల తెలుగుతోపాటు ఒడియా, సవర భాషలు మాట్లాడే జనం ఉన్నారు. దూరం, భాష, రాష్ట్ర సరిహద్దు అనే మూడు అడ్డంకులూ ఇక్కడ ఒకేచోట ఉన్నాయి. రాష్ట్ర సగటులు చూపే లెక్కల్లో ఇవేవీ కనిపించవు.

బ్రిటిష్ కాలపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (1898) లోని 545వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన 1973 కోడ్‌లోని 357వ సెక్షన్ బాధితులకు పరిహారం ఇప్పించే వీలు కల్పించాయి. అయితే ఆ సొమ్ము దోషి నుంచే రావాలి. దోషి దొరకకపోయినా, కేసు కొట్టేసినా బాధితుడికి దక్కేది లేదు. ప్రభుత్వ ఖజానా నుంచే పరిహారం ఇచ్చే పద్ధతికి న్యూజిలాండ్ 1963లో చట్టం చేసింది. 1984లో అమెరికా నేరస్థులు కట్టే జరిమానాలతో బాధితుల నిధిని ఏర్పాటు చేసింది. 1994 నాటి మహిళలపై హింస చట్టంతో అక్కడి గ్రామీణ ప్రాంతాలకు విడిగా గ్రాంట్లు మొదలయ్యాయి. పల్లె బాధితుల అవసరాలు పట్నపు అవసరాలకంటే భిన్నమని ఒప్పుకుని నిధులు వేరుచేసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. బాధితుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటన 1985 నవంబరులో వెలువడింది.

ఆ ఏడాదే జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరు వెళ్లలేమన్నారు. పునరావాసం అన్నది ఆంధ్రలో రాజకీయ డిమాండుగా మారింది అప్పుడే. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. న్యాయ సహాయం, సాక్షుల ప్రయాణ ఖర్చులు, ఆర్థిక సామాజిక పునరావాసంతోపాటు, చట్టం ఎలా అమలవుతోందో ఎప్పటికప్పుడు సర్వే చేయించాలని కూడా 21వ సెక్షన్ చెప్పింది. పల్లె బాధితులకు అందే సేవలను అధ్యయనం చేయడం ప్రభుత్వం పని అని స్పష్టంగా రాసిన భారతీయ చట్టాల్లో ఇది ముందువరసలో ఉంటుంది. అమలు ఖర్చును కేంద్రం, రాష్ట్రం పంచుకునే పథకం ఉన్నా, అందులో పరిహారానికి ఉన్న ప్రాధాన్యం సర్వేకు ఎన్నడూ రాలేదు.

ఈ చట్టం కింద వచ్చిన 1995 నియమాలు పరిహారానికి పట్టిక ఇచ్చాయి. కుటుంబాన్ని పోషించే వ్యక్తి హత్యకు గురైతే తొలుత రూ. 2 లక్షలు ఇచ్చేవారు. 2011లో అది రూ. 5 లక్షలకు, 2016లో రూ. 8.25 లక్షలకు పెరిగింది. మొత్తంకంటే, ఏ దశలో ఎంత చేతికి వస్తుందన్నది బాధిత కుటుంబానికి ముఖ్యం. మొదటి నియమాల ప్రకారం పోస్టుమార్టం తరవాత 75 శాతం ఇచ్చి, మిగతాది శిక్ష పడే దాకా ఆపేవారు. 2016 సవరణతో సగం పోస్టుమార్టం తరవాత, సగం అభియోగపత్రం కోర్టుకు చేరాక ఇవ్వాలి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిన కేసులో కింది కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు శిక్షలను రద్దు చేసింది. అలాంటి కేసులో శిక్ష పడే దాకా ఆపిన పరిహారపు చివరి వాయిదా అంటే ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఆ కేసు కోసం ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టడం మాత్రం సాక్షుల ప్రయాణ భారాన్ని తగ్గించిన అరుదైన ఏర్పాటు.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ కె. పున్నయ్య ఏకసభ్య కమిషన్ రాష్ట్రంలో అంటరానితనం, దళిత గిరిజనులపై అత్యాచారాలను విచారించింది. ఎస్సీ, ఎస్టీలకు రాష్ట్ర కమిషన్ ఏర్పాటు చేస్తూ 2003లో వచ్చిన చట్టానికి ఆ కమిషన్ నివేదికే నేపథ్యం. ఇదీ ప్రభుత్వ ఖర్చుతో సాగిన పనే అయినా, ఒక విడత విచారణగా ముగిసింది. 2001-02లో స్వచ్ఛంద సంస్థ యాక్షన్ ఎయిడ్ మద్దతుతో ఆంధ్రప్రదేశ్ సహా 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో సర్వే జరిగింది. వాటిలో నాలుగో వంతుకు పైగా గ్రామాల్లో దళితులకు పోలీసు స్టేషనులో అడుగుపెట్టడమే కష్టంగా ఉందని అది తేల్చింది. సేవ ఉండటం వేరు, దాని గడప దాటగలగడం వేరు అనడానికి ఇది సూటి ఆధారం.

గృహహింస విషయంలో పరిశోధనకు డబ్బు ఎక్కువగా విదేశాల నుంచి వచ్చింది. 1990ల చివర అమెరికా ప్రభుత్వ సహాయంతో ఇన్‌క్లెన్ సంస్థ ఏడు కేంద్రాల పరిధిలో పల్లెలను, మురికివాడలను, పట్నపు ఇళ్లను పోలుస్తూ దాదాపు పదివేలమంది మహిళలతో సర్వే చేసింది. చెన్నై, వేలూరు, నాగపూర్ అందులో ఉన్నాయి గానీ తెలుగు ప్రాంతం ఒక్కటీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2005-06లో గృహహింసపై పూర్తి ప్రశ్నావళి చేర్చాక పల్లె, పట్నం తేడాతో వివరమైన రాష్ట్రస్థాయి లెక్కలు దొరికాయి.

2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులు హత్యకు గురయ్యారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించిన భూముల సాగు గురించిన తగాదా దానికి మూలం. బాధితులకు ఏం అందింది, ఏం అందలేదు అన్నది ఊరికి వెళ్లి నమోదు చేసినవారిలో మానవ హక్కుల వేదిక వంటి సంఘాలున్నాయి. ఈ వేదిక సంస్థాగత నిధులు తీసుకోదు. సభ్యులు, మిత్రుల చందాలతోనే నడుస్తుంది. అందువల్ల దాని నివేదికలకు స్వతంత్రత దక్కింది. కానీ అయిదేళ్ల తరవాత అదే కుటుంబాల స్థితిని కొలిచే స్తోమత ఇలాంటి పద్ధతికి ఉండదు. కేసులు మాత్రం అంతకంటే ఎక్కువకాలం సాగవచ్చు. అప్పటి విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో తమపై పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది గిరిజన మహిళలు ఆరోపించారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలవల్ల నిందితులను విడిచిపెడుతూనే, మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

శిక్షతో సంబంధం లేకుండా పరిహారం ఇచ్చే వీలు 1973 కోడ్‌లో చేర్చగా 2009 డిసెంబరు 31 నుంచి అమలైన 357-ఎ సెక్షన్‌తో వచ్చింది. అర్హత, మొత్తం నిర్ణయించే పని జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు అప్పగించారు. 2013లో రూ. 1,000 కోట్లతో మహిళల భద్రత కోసం నిర్భయ నిధి ఏర్పడింది. దానితోనే 2015 నుంచి వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట దొరికే సఖి కేంద్రాలు జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీటికి తరవాత దిశ పేరు పెట్టారు. జిల్లా కేంద్రంలోని గది, పాతపట్నం అవతలి కొండ గూడేనికి ఎంత దగ్గరన్నది ఆ పథకం వేసుకోని ప్రశ్న. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలతోపాటు వచ్చిన మహిళా పోలీసు ఉద్యోగం ఆ దూరాన్ని కొంత తగ్గించగలిగేది.

అధ్యయనాలకు డబ్బిచ్చే సంస్థలు లేకపోలేదు. 1969లో ఏర్పడిన భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, 1970లో ఏర్పడిన పోలీసు పరిశోధన అభివృద్ధి సంస్థ, జాతీయ మహిళా కమిషన్, కేంద్ర న్యాయశాఖ ఇలాంటి అంశాలకు నిధులు ఇవ్వగలవు. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విశాఖ సమీపంలోని సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఈ పని చేయగల దూరంలోనే ఉన్నాయి. అడ్డంకి గణాంకాల దగ్గరే మొదలవుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో నమోదైన కేసులనే లెక్కిస్తుంది. పెద్దమనుషుల రాజీతో ఊళ్లోనే ముగిసిన గొడవ అందులోకి రాదు. బాధితులనే నేరుగా అడిగే సర్వేను అమెరికా 1970ల తొలినాళ్ల నుంచి క్రమంగా చేస్తోంది. భారతదేశంలో అలాంటి జాతీయ సర్వే స్థిరపడలేదు.

2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత పరిహార పథకాన్ని 396వ సెక్షన్‌గా కొనసాగించింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న నియమానికి 173వ సెక్షన్ చట్టబలం ఇచ్చింది. దీని ప్రకారం పర్లాకిమిడిలో జరిగిన నేరంపై పాతపట్నంలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. దర్యాప్తు మాత్రం నేరం జరిగిన చోటి స్టేషనుకే వెళ్తుంది.