అంపైరు: బేసియైనవాడు

బేస్‌బాల్ క్రీడాంగణమున హోంప్లేటు వెనుక నిలుచు అంపైరు పేరునకు మూలము ప్రాచీన ఫ్రెంచి భాషలోని ‘నోంపేర్’. సముడు కానివాడు, అనగా ఇరుపక్షములకును చెందక బేసిగా మిగిలిన మూడవవాడని దాని యర్థము. ఆంగ్లేయుల నోట ‘ఎ నూంపేర్’ అనునది ‘ఎన్ ఊంపేర్’ అని విడివడి, ఆది నకారము ముందరి పదమున లీనమయ్యెను. నడుమునకు కట్టు ‘ఏప్రన్’ కును ఇదే గతి పట్టినది.

1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టున ఆరంభమైన లిటిల్ లీగున పిల్లల బేస్‌బాల్ ఆటలకు తీర్పరులుగా నిలుచువారు పెక్కుమంది వేతనము గోరని స్వచ్ఛందసేవకులే. తన బిడ్డయే బ్యాటు పట్టి యెదుట నిలిచినచో ఆ బేసితనము ఎంతటి కఠినవ్రతమో యూహింపుడు. బంతి గాలిలోనికి లేవగనే ఎడమచేత ముసుగు తీసి, కుడిచేతిని ‘ఔట్’ సంజ్ఞకై విడిచియుంచి, పరుగాపి, చూపు నిలిపి, క్షణమాగిన పిదపనే తీర్పు చెప్పవలెనని వారికి నేర్పుదురు. ఆ క్షణకాలపు నిదానమే నాకు మిక్కిలి గౌరవార్హముగా తోచును. బంతి గ్లవ్వులో నిలిచినదో జారినదో అప్పుడుగాని తేలదు.