ఇంటి గోడపై వెలుగు బొమ్మ

అరచేతిలో ఇమిడే ప్రొజెక్టరు ఈనాడు అంగళ్ళలో సులభంగా లభిస్తున్నది. దీపం ఆర్పి, సున్నపు గోడకు ఎదురుగా దానిని నిలిపితే చాలు, నట్టిల్లే నాటకశాల అవుతున్నది. దీనిని నిన్నమొన్న పుట్టిన వింతగా భావించేవారు కలరు. కాని దీని వెనుక మూడున్నర శతాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తెలుగువారికీ ఒక భాగం ఉన్నది. దానిని పరిశీలించినప్పుడు ఒక ప్రశ్న పదే పదే ఎదురవుతుంది. బొమ్మను చూచేవారు ఎందరైనా ఉండవచ్చును. దీపం పట్టుకొని దానిని చూపేవారెవరు? ఆ దీపం గృహస్థుని చేతికి వచ్చుటకు ఇంతకాలం ఎందుకు పట్టినది?

వెలుగును అడ్డగించి కథ చెప్పే విద్య మన దేశానికి కొత్త కాదు. తోలుబొమ్మలాటలో పలుచని తోలుపై రంగులద్ది, తెర వెనుక దీపం పెట్టి, రామాయణ భారత కథలను రాత్రులు తెల్లవార్లూ ఆడేవారు. తెలంగాణమున పటం కథకులు పొడవైన గుడ్డ పటాన్ని ఒక్కొక్క అంకంగా విప్పుతూ కులపురాణాలు వినిపించేవారు. ఒకటి వెలుగుతో నడిచే బొమ్మ, మరొకటి వరుసగా కదిలే బొమ్మ. ఈ రెండు విద్యలూ వాటిని వంశపారంపర్యంగా సాధించిన కళాకారుల సొత్తు. ఊరివారు ప్రేక్షకులు మాత్రమే.

ఐరోపాలో 1659 ప్రాంతాన హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ మేజిక్ లాంతరును నిర్మించినాడు. అందులో మూడే అంగాలు. ఒక దీపం, దాని ముందు గాజుపై చిత్రించిన బొమ్మ, ఆ బొమ్మను పెద్దది చేసి గోడపై వేసే కటకం. తరువాత వచ్చిన యంత్రాలన్నీ ఈ మూడింటిని మెరుగుపరచినవే. మన దేశంలో 1892 నుండి మహారాష్ట్రలోని కల్యాణ్ పట్టణానికి చెందిన మహాదేవ గోపాల పట్వర్ధన్, ఆయన కుమారులు ఇట్టి లాంతరుతో ప్రదర్శనలిచ్చినారు. దానికి వారు పెట్టుకొన్న పేరు ‘శాంబరిక ఖరోలిక’. గాజు పలకలపై చేతితో రంగులు వేసి, వాటిని నేర్పుతో కదిలించి, బొమ్మ నడచుచున్నదనే భ్రమను వారు కల్పించినారు. తెలుగునాట క్రైస్తవ మిషనరీలు, ఆరోగ్యశాఖవారు మేజిక్ లాంతరు ఉపన్యాసాలు ఏర్పాటు చేసేవారు. కిరోసిను దీపంతోనే అది పనిచేసేది గనుక విద్యుత్తు లేని పల్లెకు కూడ వెళ్ళగలిగినది.

1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో ల్యూమియేర్ సోదరుల చలనచిత్రాలు ప్రదర్శితమైనవి. అటుపిమ్మట పదిహేనేళ్ళలో దక్షిణాదిన యంత్రాన్ని వెంటబెట్టుకొని ఊరూరా తిరిగే ప్రదర్శకులు బయలుదేరినారు. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగిగా ఉన్న సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాని వద్ద ప్రొజెక్టరును కొని, ఉద్యోగం వదలి, డేరా వేసుకొని దేశాటనం చేసినాడు. మద్రాసులో ఫోటోగ్రాఫరుగా పేరొందిన మచిలీపట్నం వాస్తవ్యుడు రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించినాడు. బొమ్మకు గ్రామఫోను పలకతో ధ్వనిని జతపరచే యంత్రమది. దానిని ఆయన బెంగుళూరు, విజయవాడలకు, సముద్రం దాటి బర్మా, సింహళాలకు కూడ తీసికొని పోయినాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటరును కట్టించినాడు.

యంత్రం ఇంతగా ప్రయాణం చేయగలిగినా గృహంలోనికి ఎందుకు రాలేదు? ప్రధాన కారణం అగ్ని భయం. ఆనాటి 35 మిల్లీమీటర్ల ఫిలిం సెల్యులోజు నైట్రేటుతో చేసినది. ఒకసారి అంటుకొంటే నీళ్ళు పోసినా ఆరదు. ఇక దీపం వలన మరొక ప్రమాదం. 1897 మే 4న పారిస్ నగరంలో ఒక ధర్మార్థ సంతలో ప్రొజెక్టరు దీపానికి వాడే ఈథరు అంటుకొని 126 మంది మరణించినారు. బ్రిటిషిండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టం ప్రదర్శన స్థలానికి లైసెన్సు తప్పనిసరి చేయుటలో ఇట్టి అగ్ని భయం ఒక కారణం. ఏ బొమ్మ చూపవచ్చునో నిర్ణయించే అధికారం కూడ ఆ చట్టంతోనే సర్కారు చేతికి వచ్చినది. దీపం పట్టుకొనువానికి అనుమతి పత్రం కావలసి వచ్చినది.

ఇంటికి తగిన ఫిలిం కావాలంటే అది సులభంగా మండనిదై ఉండాలి. ఫ్రాన్సు దేశపు పాథే కంపెనీ 1922లో 9.5 మిల్లీమీటర్ల ఫిలింతో ‘పాథే బేబీ’ అనే చిన్న ప్రొజెక్టరును విడుదల చేసినది. చేతితో పిడి త్రిప్పితే అది నడుస్తుంది. మరుసటి సంవత్సరమే అమెరికాకు చెందిన కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల ఫిలింను తెచ్చినది. ఈ కొలత నిర్ణయించుటలో ఒక జాగ్రత్త ఉన్నదని చెబుతారు. 17.5 మిల్లీమీటర్లని పెట్టి ఉంటే ఎవరైనా 35 మిల్లీమీటర్ల నైట్రేటు ఫిలింను నిలువునా రెండుగా చీల్చి ఇంటి యంత్రానికి ఎక్కించే ప్రమాదమున్నది. 1932లో 8 మిల్లీమీటర్ల ఫిలిం, 1965లో సూపర్ 8 వచ్చినవి. వీటితో గృహస్థుడు మొదటిసారిగా తన బిడ్డ తప్పటడుగులను తానే చిత్రించి, తన గోడపై తానే చూచుకొనగలిగినాడు. కాని మన దేశంలో ఈ భాగ్యం సంపన్న గృహాలకే పరిమితమైనది. కెమెరా కొనాలి, ఫిలిం కొనాలి, దానిని కడిగించాలి. అన్నిటికీ మించి ఇంట కరెంటు ఉండాలి.

ఈ చివరి మాట నిజామాబాదు జిల్లా విషయంలో ముఖ్యమైనది. 1931లో నిజాంసాగర్ నిర్మాణం పూర్తి అయినది. ఆ కాలువల క్రింద చెరకు పండగా 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. చెరకు పిప్పిని మండించి ఆవిరిని, ఆ ఆవిరితో విద్యుత్తును పుట్టించుకొనుట చక్కెర మిల్లుల పరిపాటి. మిల్లు కాలనీకి వచ్చిన వెలుగు జిల్లాకు ఆ కొసన, ఆర్మూరు దాటి మోర్తాడు ప్రక్కన ఉన్న ఏర్గట్ల వంటి గ్రామాలకు వెంటనే రాలేదు. అచ్చట రాత్రి అంటే కందిలి వెలుగే. పల్లెలకు కరెంటు తీగ చేరుట 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు కాలంలో క్రమక్రమంగా జరిగిన పని.

తీగ రాకముందే అట్టి పల్లెలకు ప్రొజెక్టరు మోటారు బండిలో వచ్చినది. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీలను ప్రచారశాఖల బండ్లు 16 మిల్లీమీటర్ల యంత్రాలతో ఊరూరా చూపేవి. చప్పుడు వినబడకుండా జనరేటరును దూరాన పెట్టి, ఊరి నడుమ రెండు గుంజలకు తెల్లని గుడ్డ కట్టి, పంచవర్ష ప్రణాళికలు, మశూచి టీకాలు, కొత్త విత్తనాలు చూపించేవారు. ముందు చోటు చాలనివారు తెర వెనుక కూర్చొని కుడిఎడమలు తారుమారైన బొమ్మను చూచేవారు. ఆ బండ్లు చేసిన మేలు కొంచెం కాదు. అయినా దీపం సర్కారు చేతిలోనే ఉన్నది.

ఇట్టి స్థితిలో తెలుగు పల్లెలలో పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టినారు. ఏర్గట్ల ప్రాంతమైనా, కృష్ణాతీరమైనా, ఆ తరం పెద్దలను అడిగితే దీని సంగతి చెప్పగలరు. కాలిపోయిన విద్యుత్ బల్బును పట్నం నుండి సంపాదించి, ఇత్తడి మూతను జాగ్రత్తగా ఊడదీసి, లోపలి గాజు కాడను తీగతో సహా తొలగించి, నిండా నీళ్ళు పోస్తే అది కుంభాకార కటకం అవుతుంది. ఒక గది తలుపులు మూసి సందులకు గుడ్డలు కుక్కుతారు. తలుపుకున్న చిన్న రంధ్రం వద్ద అట్టలో బిగించిన ఫిలిం ముక్క, దాని ముందు నీళ్ళ బల్బు, ఎదుటి గోడపై తండ్రిగారి ధోవతి. వెలుపల ఎండలో ఒక పిల్లవాడు అద్దం పట్టుకొని సూర్యకిరణాలను ఆ రంధ్రంలోనికి త్రిప్పుతాడు. హైగెన్స్ చెప్పిన మూడు అంగాలూ ఇందులో ఉన్నవి. దీపం సూర్యుడే గనుక కరెంటు అవసరం లేదు.

ఫిలిం ముక్కలు డేరా టాకీసుల ఆపరేటర్ల వద్ద దొరికేవి. రీలు తెగినప్పుడు చెడిన భాగం కత్తిరించి పారవేసేవారు. వాటిని ఏరుకొని, మార్చుకొని, కొన్నిచోట్ల కొట్లలో పైసలకు కొని, పిల్లలు పుస్తకాలలో దాచుకొనేవారు. కటకం బొమ్మను తలక్రిందులు చేస్తుంది కాబట్టి ముక్కను తలక్రిందులుగా పెట్టాలని ఎవరూ చెప్పకుండానే నేర్చుకొన్నారు. సూర్యుడు కదులుతూ ఉంటాడు గనుక అద్దం పట్టినవాడు కూడ చేయి కదుపుతూ ఉండాలి. ఎండలో నిలిచిన ఆ పిల్లవానికి బొమ్మ కనబడదు. అందుచేత వంతులు వేసుకొనేవారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనింపదగినది. 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు. థియేటరులో సెకనుకు 24 బొమ్మలు నడుస్తవి. జానెడు ముక్కలో 12 బొమ్మలుంటే, అది పెద్ద తెరపై అర సెకను కాలం మాత్రమే. ఆ అర సెకనుతో పిల్లలు ఒక మధ్యాహ్నమంతా గడిపేవారు. బొమ్మ కదలదు, పలుకదు. కథ, సంభాషణ, పాట, గుర్రపు డెక్కల చప్పుడు సమస్తమూ వారి నోటినుండే రావాలి. సంపన్నుల ఇంట యంత్రం నడుస్తూ ఉంటే ఇంటివారు చూస్తూ కూర్చొన్నారు. పల్లె పిల్లలు ప్రదర్శకులే అయినారు. తెలుగునాట సామాన్యుని ఇంటిలో దీపం గృహస్థుని చేతికి వచ్చినది ఈ నీళ్ళ బల్బుతోనే అని చెప్పుట అతిశయోక్తి కాదు. ఏ చట్టమూ దానికి లైసెన్సు అడుగలేదు.

ఇంట బొమ్మ చూడవలెననే కోరిక పెద్దలకూ లేకపోలేదు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పెట్టె ఉన్నది. మూత తెరచి చూచినవారికి తమకు ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడినాడు. ఇంట పెట్టుకొనదగిన తెర ఇట్లుండాలని చిత్రకారులు ముందుగానే ఊహించినట్లున్నది. ఆ పెట్టెలో ఒక విశేషమున్నది. ఎవరు చూస్తే వారికి ప్రియమైనదే కనబడుతుంది. ఒకరికి కనబడినది మరొకరికి కనబడదు.

తరువాతి కాలం ఆ మార్గాన్నే నడచినది. 1970ల ద్వితీయార్ధం నుండి నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల పల్లెలనుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువుకై వెళ్ళినారు. వారు తెచ్చిన వస్తువులలో టేపురికార్డరు, వీడియో యంత్రం ఉండేవి. 1980లలో టీవీని, వీడియోను రాత్రికి అద్దెకు తెచ్చి వాకిట పెట్టి, వాడకట్టంతా చాపలు పరచుకొని చూచిన రోజులు చాలమందికి జ్ఞాపకమే. కొంతకాలానికి ప్రతి ఇంటికీ టీవీ వచ్చినది. ఆ తరువాత ప్రతి చేతికీ ఫోను వచ్చినది. ప్రియదర్శిని అందరికీ లభించినది. కాని ఒకే గదిలో నలుగురు కూర్చొని నాలుగు బొమ్మలు చూస్తున్నారు.

చిన్న ప్రొజెక్టరు మరల ఇంటికి వచ్చినది ఈ దశలోనే. 1987లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు చెందిన లారీ హార్న్‌బెక్ ఒక చిప్పుపై కంటికానని అద్దాలను అమర్చే విధానాన్ని కనుగొన్నాడు. 1280 నిలువు వరుసలు, 720 అడ్డ వరుసలు ఉన్న చిప్పుపై 9,21,600 అద్దాలుంటవి. ఒక్కొక్కటి సెకనుకు వేలసార్లు ఇటునటు వంగి వెలుగును కటకంలోనికి పంపుతుంది లేక ప్రక్కకు త్రోసివేస్తుంది. ఎండలో నిలిచి అద్దం త్రిప్పిన పిల్లవాని పనినే ఇవి చేస్తున్నవి. కొన్ని యంత్రాలలో అద్దాలకు బదులు ద్రవస్ఫటికాల పలక ఉంటుంది. అంతగా వేడెక్కని ఎల్.ఇ.డి. దీపం వచ్చినందువలన యంత్రం అరచేతి పరిమాణానికి దిగినది.

దీనిని వాడువారు ఒక సూత్రం గుర్తుంచుకొనాలి. గోడకు దూరం రెట్టింపు చేస్తే బొమ్మ వైశాల్యం నాలుగింతలవుతుంది, వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. అందుచేత చిన్న యంత్రంతో పెద్ద బొమ్మకు ఆశపడక, గది బాగా చీకటి చేసి, తెల్లని గుడ్డపై ఒక మోస్తరు బొమ్మ వేసుకొనుట మేలు. చీకటి చేయాలంటే ఇంటిలో అందరూ ఒప్పుకొనాలి, అందరూ ఒకే గోడవైపు తిరిగి కూర్చొనాలి. ఫోనుకు లేని ఈ నిర్బంధమే దీని గుణం.

ఇప్పుడు దీపం మన చేతికి వచ్చినది. ఏమి చూపాలి? కొత్త సినిమాలు, క్రికెట్టు పోటీలు ఎటూ ఉన్నవి. కాని కొన్ని ఇండ్లలో అటకమీద, రేకు పెట్టెలలో 8 మిల్లీమీటర్ల రీళ్ళు, రంగుల స్లైడులు, పెండ్లి వీడియో క్యాసెట్లు ఉన్నవి. వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ను చూచే యోగం మనకు లేదు, దాని ప్రతి మిగులలేదు. వేలమంది చూచిన చిత్రానికే ఆ గతి పట్టగా, ఒకే ఒక ప్రతి ఉన్న ఇంటి రీలు సంగతి చెప్పనేల? అసిటేటు ఫిలిం వేడికి, తేమకు క్రమంగా కుళ్ళి, ముడుచుకొని, పగులుతుంది. మన వాతావరణంలో ఇది త్వరగా జరుగుతుంది. డబ్బా మూత తీయగానే సిర్కా వాసన వస్తే ఆ చేటు మొదలైనదని గుర్తు. అట్టి రీలును పాత ప్రొజెక్టరుకు ఎక్కించరాదు, పండ్లచక్రాలు దానిని చింపివేస్తవి. చల్లని, పొడి స్థలంలో వేరుగా ఉంచి, తెలిసినవారిచేత స్కాను చేయించి, డిజిటలు ప్రతిని భద్రపరచుకొనాలి.

ఆ ప్రతిని ఒక రాత్రి చిన్న ప్రొజెక్టరుతో గోడపై వేసినప్పుడు ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొనండి. ఆ రీళ్ళలో చాలవాటికి ధ్వని లేదు. బావి వద్ద నిలిచినామె ఎవరు, ఆ గూనపెంకుల ఇల్లు ఎవరిది, ఆ బండి ఎవరి పెండ్లికి కట్టినది, ఇవన్నీ వారు చెబితేనే తెలుస్తవి. వారు చెప్పే మాటలను ఫోనులో రికార్డు చేసి బొమ్మతోపాటు దాచుకొనండి. బొమ్మను తరువాతనైనా బాగుచేయించుకొనవచ్చును. పేర్లు తెలిసినవారు ఉన్నప్పుడే వాటిని అడిగి తెలుసుకొనాలి.