లా ఫెనీచే: కొయ్యయు, నిప్పును, గానమును

వెనీసు నగరమున లా ఫెనీచే సంగీతనాటకశాలను దర్శింపబోవువారు దాని ముఖభాగమును జూచి పెద్దగా అచ్చెరువందరు. సాన్ ఫాంతిన్ అను చిన్న కూడలిలో, కొలదిపాటి మెట్లపై నిలిచిన స్తంభములు తప్ప వీథివైపున దానికి ఆడంబరము లేదు. పూర్వము ప్రభువంశీయులు వెనుకనున్న కాలువలో గొండోలా పడవ దిగి నేరుగ జలద్వారమున ప్రవేశించుచుండిరి గనుక, వాస్తుశిల్పి సెల్వా ఆ రెండు దారులను దృష్టియందుంచుకొని ఇరుకైన స్థలములో దీనిని పొదిగెను. లోపల అడుగిడినంతనే గుఱ్ఱపునాడావలె వంగిన అయిదు అంతస్తుల ఆసనకక్ష్యలును, సర్వత్ర సువర్ణచ్ఛాయయు కన్నులకు గట్టును. ఆ బంగారు పూతక్రింద నున్నది రాయి గాదు. కొయ్యయు, కాగితపు గుజ్జుతో తీర్చిన లతలును. గాయకుని కంఠమును మోటుగా త్రిప్పికొట్టక మృదువుగా మరల నిచ్చునది కొయ్య. నిప్పునకు ముందుగా ఆహుతియగునదియు నదియే.

సాన్ బెనెదెత్తో నాటకశాల దగ్ధమైన పిమ్మట దానిని మరల కట్టిన భాగస్వాములు, వ్యాజ్యమున ఓడి ఆ భవనమును వదలుకొని, తమకై వేఱొక శాలను నిర్మించుకొని, తన భస్మమునుండియే పుట్టు పక్షి పేరు దానికి పెట్టిరి. 1792 మే 16న పయిసియెల్లో కూర్చిన నాటకముతో తెర లేచెను. అయిదేండ్లకే వెనీసు గణరాజ్యము నెపోలియనునకు లొంగి అంతరించెను, శాల నిలిచెను. 1836 డిసెంబరున క్రొత్తగా అమర్చిన వెచ్చదనపు పొయ్యి మూలమున అదియు కాలిపోగా, మెదూనా సోదరులు ఏడాదిలోనే పునర్నిర్మించిరి.

సంగీతకర్త వెర్దీ తన నాటకములయం దయిదింటిని మొదట ఇచ్చటనే ప్రదర్శింపించెను. హ్యూగో కథ నాధారముగా గొన్న రిగొలెత్తోలో రాజు కాముకుడుగా కానవచ్చుట నాడు వెనీసును పాలించుచుండిన ఆస్ట్రియా పరిశీలకులకు సహింపరానిదై, ఫ్రాన్సు రాజు మాంతువా ప్రభువుగా మారినగాని 1851లో అది రంగమెక్కలేదు. లా త్రావియాతాను సమకాలిక వేషములతో ఆడవలెనని వెర్దీ కోరగా, నిర్వాహకులు కథాకాలమును నూటయేబది యేండ్లు వెనుకకు నెట్టిరి. 1853 మార్చి 6 నాటి ఆ ప్రదర్శనము విఫలమయ్యెను. మరుసటి యేట, భాగస్వాములు పూర్వము కోలుపోయిన ఆ సాన్ బెనెదెత్తోలోనే అది జయధ్వానముల నందుకొనెను. తన కాలపు స్త్రీ దుఃఖమును తన కాలపు దుస్తులలోనే చూపవలెనన్న ఆ కవిహృదయమును నాడు గుర్తింపకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును.

1996 జనవరి 29 రాత్రి శాల రెండవమారు చితియయ్యెను. విద్యుత్పనుల జాప్యమునకు జరిమానా తప్పించుకొనుటకై ఇరువురు పనివారే నిప్పంటించిరని తరువాత న్యాయస్థానము నిర్ణయించినది. చుట్టును నీరున్న నగరమునందు, సమీపపు కాలువను పూడిక తీయుటకై ఎండగట్టినందున, అగ్నిమాపక పడవలు చేరజాలకపోయెను; హెలికాప్టరు నీళ్లు మోసి ఇరుగుపొరుగు ఇండ్లను కాపాడవలసివచ్చెను. 1902లో సాన్ మార్కో ఘంటాగోపురము కూలినప్పటి ‘ఉన్నట్లే, ఉన్నచోటనే’ అను నినాదమును పట్టణస్థులు మరల పైకెత్తిరి. దర్శకుడు విస్కోంతి 1954 నాటి తన చలనచిత్రములో ఈ శాలను చిత్రించియుండుటచే, కాలిపోయిన అలంకారముల రేఖలు పనివారికి ఆ దృశ్యములలో దొరకెను. 2003 డిసెంబరు 14న సంగీతకచేరీతో ద్వారములు తెరచిరి.

పాతదానికి ఇది నకలు మాత్రమేయని నిందించువారు లేకపోలేదు. వారితో నే నేకీభవింపను. గోడల వయస్సుకంటె, పై అంతస్తున చివరి ఆసనమున కూర్చున్నవానికి కంఠస్వరము చేరు తీరే నాటకశాలకు ప్రాణము. దానికొఱకే ఇంతటి అగ్నిభయ మెఱిగియు లోపలి భాగమును మరల కొయ్యతోనే కట్టిరి.