ఉదయగిరి–ఆత్మకూరు మెట్ట ప్రాంతం: భూ వినియోగంలో మార్పులు

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల వారగా ఉన్న మెట్ట సీమలో ఉదయగిరి, ఆత్మకూరు ముఖ్యమైన ఊళ్లు. తూర్పున పెన్నా డెల్టాది వరి మాగాణి. ఇక్కడివి జొన్న, సజ్జ, ఆరిక, గొర్రెల మందలు. దగ్గరలో మహానగరమేదీ లేదు. అయినా ఈ నేల రూపం మార్చింది పట్నాల అవసరాలే. పట్నం ఇక్కడికి వచ్చింది తక్కువ. ఇక్కడి నీళ్లు, కలప, మనుషులు పట్నానికి పోయింది ఎక్కువ.

పాత వ్యవసాయానికి చెరువే ఆధారం. కొండమీద కురిసిన వాన వంకల వెంట చెరువు చేరేది. నిండితే కలుజు దాటి దిగువ చెరువుకు పారేది. తూము కింద కాస్త మాగాణి, పైన మెట్ట చేలు, ఆపైన బీడు, చివర అడవి. అనంతసాగరం, కలువాయి చెరువులు ఈ కోవలో పెద్దవి. రికార్డుల్లో బీడు అంటే పనికిరాని భూమే కావచ్చు. నెల్లూరు జాతి గొర్రెలు బతికింది మాత్రం దానిమీదే.

పెద్ద మలుపు సోమశిల. పెన్నాపై 78 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఈ జలాశయం జిల్లా ఆయకట్టుకే పరిమితం కాలేదు. తెలుగుగంగ పథకం కింద కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా 1996లో తమిళనాడు సరిహద్దు చేరి చెన్నై దాహం తీర్చసాగాయి. కాలువ అందిన ఆత్మకూరు వైపు వరి పెరిగింది. ఎత్తున ఉన్న ఉదయగిరి, మర్రిపాడు వైపు నీళ్లు ఎక్కలేదు. హైలెవెల్ కాలువ తలపెట్టింది ఈ లోటు తీర్చడానికే.

నీళ్లు ఎక్కని చోట బోర్ల కింద బత్తాయి, మెట్ట చేలల్లో పొగాకు వచ్చాయి. కలిగిరి, డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఆ తర్వాత వచ్చింది జామాయిల్. నరికినా మోడు మళ్లీ చిగురిస్తుంది. ఏటా దుక్కి లేదు, కూలీల వేట లేదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడ్డ ఆసామికి ఇంతకన్నా అనువైన పంట ఏముంది? గొర్రెలు మాత్రం ఆ ఆకు ముట్టవు.

ఆత్మకూరు కథ వేరు. కృష్ణపట్నం రేవు నుంచి కడప వైపు పోయే 67వ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. రోడ్డు వెంట చేల గట్లు చదునుచేసి, రంగు పూసిన హద్దురాళ్లు నాటుతారు. ఇల్లు లేచే సంగతి తర్వాత, సాగు మాత్రం ఆ రోజే ఆగుతుంది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడంపై 2006లో చట్టం వచ్చింది గానీ, అది పట్టించుకున్నది సర్వే నంబరును. నీటి దారిని కాదు. మధ్యలో వంక పూడితే నష్టపోయేది ప్లాటు కొన్నవాడే కాదు, ఆ వంకకు దిగువనున్న చెరువు కింది రైతు కూడా.

ఉదయగిరిది ఇంకో కథ. ఇక్కడి దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచాడు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెక్క చెంచాలతో వినిపిస్తోంది; వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నర్ది, బిక్కి వంటి చెట్ల కలపను చెక్కి గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. ఆ చెట్లు దుర్గం కొండల అడవిలోవి. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది. కలప కావాలంటే అడవే ఉండాలి.