ఫుతబా ఊరి పాట హవాయికి ఎందుకు పోయింది?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిగ్గా చదవండి.

కొన్నేళ్ళ కింద మన ఉగాది సభలో ఆడవాళ్ళు కోలాటం వేశారు. అతిథిగా ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చూసి, "మీ అడుగు తప్పిపోయింది, పాటలో మాటలు కూడా అరిగిపోయినాయి, అసలు కోలాటం మేము వచ్చి నేర్పిస్తాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ రోజు నుంచి మన ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు స్టేజీ ఎక్కడం మానేశారు. ఆ మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దానికి జవాబు మాకు జపాన్ వాళ్ళ చరిత్రలో దొరికింది.

జపానులో ఎండాకాలంలో బోన్ పండుగ వస్తుంది. మన మహాలయ పక్షం లాగానే, పోయిన పెద్దలు ఇంటికి వస్తారని నమ్మకం. వచ్చినవాళ్ళ కోసం ఊరంతా రాత్రిపూట ఆడుతుంది. నడుమ కొయ్యతో ఎత్తుగా మంచె కడతారు, దాన్ని యగురా అంటారు. పాట, డప్పు, పిల్లనగ్రోవి అక్కడ. చుట్టూ జనం వలయంగా తిరుగుతూ ఆడతారు. చూడవచ్చినవాళ్ళు కూడా వలయంలో కలిసిపోవచ్చు. ఊరికొక పాట, ఊరికొక అడుగు.

ఫుకుషిమా జిల్లాలో ఫుతబా అని ఒక చిన్న ఊరు, అప్పట్లో సుమారు 7,000 మంది జనం ఉండేవారు. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది కదా, ఆ కేంద్రంలో కొంత భాగం ఈ ఊరి పొలిమేరలోనే ఉంది. ఊరు ఊరంతా ఖాళీ. ఊరి ఆఫీసు కూడా జిల్లా దాటి సైతామాలో మూతబడిన ఒక హైస్కూలుకు మారింది. జనం తలా ఒక దిక్కు పోయారు. ఇల్లు పోతే నష్టపరిహారం అడగవచ్చు. పాట పోతే ఎవరిని అడుగుతారు? పాడేవాడు ఒక ఊళ్ళో, డప్పు కొట్టేవాడు ఇంకో ఊళ్ళో, ఆడే పిల్లలు వేరే బడిలో. నలుగురు కలిస్తేనే నిలిచే విద్య అది.

అప్పుడు వాళ్ళకు తెలిసింది, హవాయి ద్వీపాలలో 'ఫుకుషిమా ఓందో' అని ఒక పాటకు వందేళ్ళుగా బోన్ ఆట ఆడుతున్నారని.

అది అక్కడికి ఎట్లా పోయింది? 1885లో జపాన్ సర్కారు ఒప్పందం మీద 900కు పైగా మందితో మొదటి ఓడ హవాయి చేరింది. 1894 లోపల సుమారు 29,000 మంది పోయారు. చెరకు తోటలో మూడేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకు నెలకు 9 డాలర్ల జీతం, తిండికి విడిగా 6 డాలర్లు. మొదట హిరోషిమా, యమగుచి వైపువాళ్ళు ఎక్కువ, తరువాత ఫుకుషిమా వాళ్ళు, ఓకినావా వాళ్ళు. తోటలో మనిషిని పేరు పెట్టి పిలిచేది లేదు. మెడలో లోహపు బిళ్ళ, దాని మీద నంబరు. ఆ నంబరు చూసే జీతం. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు మస్టర్ రోల్ రాసిన చెయ్యి మాది, ఆ సంగతి చదివి కాసేపు అట్లాగే కూర్చున్నాం. మారిషస్ చెరకు తోటలకు పోయిన మన తెలుగువాళ్ళకు కనీసం 'కోరంగి' అని రేవు పేరైనా దక్కింది.

తోటలో నంబరుగా బతికినవాడు బోన్ రాత్రి తన ఊరివాడు అయ్యేవాడు. 1941లో పెర్ల్ హార్బర్ తరువాత ఈ ఆటలు ఆగిపోయినాయి, గుడి పూజారులను పట్టుకొని క్యాంపుల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక మళ్ళీ మొదలు. ఈనాటికీ జూన్ నుంచి ఆగస్టు దాకా వారానికొక గుడిలో ఆట. ఆడేవాళ్ళు మూడో తరం, నాలుగో తరం. చాలామందికి జపాన్ భాష రాదు. అయినా పాట విడవలేదు.

2015లో ఫుతబా పాటగాళ్ళు, డప్పులవాళ్ళు ఒక బృందంగా హవాయిలోని మౌయి ద్వీపానికి పోయారు. విదేశీ ఉత్సవానికి పోయే బృందాలు మామూలుగా తమ గొప్ప చూపించి, చప్పట్లు కొట్టించుకొని వస్తాయి. వీళ్ళు పోయింది తమ పాటను అక్కడివాళ్ళకు అప్పజెప్పడానికి. మీ ఆట తప్పు, మాది అసలు అనలేదు. మా ఊరు మళ్ళీ తెరుస్తారో లేదో, అంతవరకు మీ దగ్గర ఉండనివ్వండి అన్న ఆశతో పోయారు. దీని మీద యుజి నకాయె అనే దర్శకుడు 2018లో 'బోన్ ఉతా' అని ఒక డాక్యుమెంటరీ తీశారు.

ఆ సినిమాలోనే ఇంకో సంగతి ఉంది. ఆ సోమా ప్రాంతంలో 1780లలో ఘోరమైన కరువు వచ్చి పల్లెలు పాడుపడితే, తొయామా వైపునుంచి రైతులు తమ సంస్థానం ఒప్పుకోకపోయినా దొంగచాటుగా వచ్చి అక్కడ స్థిరపడ్డారు. అంటే ఇప్పుడు 'అసలు ఊరివాళ్ళు' అనుకునేవాళ్ళలోనూ వలసవాళ్ళ సంతతి ఉంది! ఇక అసలు పాట ఎవరిది, కొసరు ఎవరిది?

ఫుతబాలో కొంత భాగానికి 2022 ఆగస్టు 30న తిరిగి రావడానికి అనుమతి దొరికింది. వచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది. ఆ మరుసటి ఏడాది ఆగస్టు 8న మౌయిలో లహైనా పట్టణం కాలిపోయింది, బోన్ ఆటలు జరిగే జోదో గుడి కూడా బూడిదైంది. తొలి వలసలకు నూరేళ్ళని 1968లో పెట్టిన పెద్ద బుద్ధ విగ్రహం మాత్రం నిలిచింది. దాచుకోమని ఇచ్చిన చోటు కూడా భద్రం కాదు.

మా అమ్మ కోలాటం పాటల నోటుబుక్కు మా దగ్గర ఉంది. అంతా తమిళ లిపి. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి గోపాలుడు కోపాలుడు అయినాడు. మేమూ తమిళ మీడియమే, అందుకే ఆ రాత మాకు సులువుగా వస్తుంది. అందులో 23 పాటలు ఉన్నాయి, రాగం తెలిసినవి మాకు ఆరు మాత్రమే. మిగతా వాటి రాగం ఆ స్టేజీ దిగిపోయిన అత్తలకే తెలుసు. వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు నోటుబుక్కు తీసుకొని సంఘం హాలుకు వస్తాం. వాళ్ళను పిలుచుకొచ్చే పని దగ్గరి ఇళ్ళవాళ్ళది. ఫోన్లో రికార్డు చెయ్యడం వచ్చిన పిల్లలు ఇద్దరు కావాలి.